హిసానో గారు ఇంటికి బయల్దేరే వేళ

జనవరి 7, ఆదివారం

ప్రార్థన కూడికకు మా ఇంటికి తొమ్మిదిమంది వచ్చారు. హిరా కొండల మీంచి గాలి, దానితో మంచు. ముప్పావుగంట అనుకున్న ప్రసంగం గంటన్నర నడిచింది. వెనక వరసలో పళ్ళకొట్టు పెద్దాయన కునుకు తీస్తుంటే పేరు పెట్టి లేపాను. నిద్రపోయేవాణ్ణి మేలుకొలపమనే కదా బైబిలు గ్రంథం చెప్పేది.

అందరూ వెళ్ళాక థావో ఉండిపోయింది. మా జపాన్‌కు పనికొచ్చిన వియత్నాం పిల్ల, ఇరవయ్యారేళ్ళు. సరస్సు ఒడ్డునున్న వృద్ధాశ్రమంలో రెండేళ్ళుగా ముసలివాళ్ళకు సేవ చేస్తోంది. వాళ్ళ శాఖ చర్చి రైల్లో గంటన్నర దూరం కాబట్టి ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. ఈ రోజు పాటల పుస్తకాలు సర్దుతూ ఏడుపు మొహం పెట్టింది.

"గురువుగారూ, ఆశ్రమంలో అందరికీ నామీద కోపం."

"ఏం చేశావు?"

"ఏం చేయలేదు. దుప్పటి ఎలా మడవాలో అక్కడి పెద్దక్క చూపించింది. 'నాకు తెలుసు' అన్నాను. అంతే, మూతి ముడుచుకుంది."

వంటింట్లోంచి ఫుసాయె పకపకా నవ్వింది. నా భార్యకు చెవులు మాత్రం ఎప్పుడూ కూడికలోనే ఉంటాయి.

"అయ్యో తల్లీ! 'తెలుసు' అంటే 'నువ్వు చెప్పొచ్చావులే' అన్నట్టుగా. 'అలాగేనండి' అనాలి."

"రెండూ ఒకటేనని నిఘంటువులో ఉందమ్మగారూ."

"నిఘంటువు ఎప్పుడైనా ఒకరింటికి కోడలిగా వెళ్ళిందా?"

అసలు సంగతి అప్పుడు చెప్పింది. దాని ఒప్పందం మార్చి ఆఖరుకు అయిపోతుంది. నిర్వాహకురాలు ఒకుమురా గారు పిలిచి, 'పని బాగుంది, మాటే గరుకు, కొన్నాళ్ళు చూస్తాను' అన్నదట. ఒప్పందం పొడిగించకపోతే తిరిగి వెళ్ళిపోవాలి. వచ్చే జనవరిలో సేవిక పట్టా పరీక్ష రాయాలని రెండేళ్ళుగా చదువుతోంది. అదీ పోతుంది.

నేను నేర్పుతానన్నాను. బుధవారాలు దానికి సెలవు.

నాకు చదువు లేదు. గది నేలంతా పరిచే తుంగచాపలు కుట్టే ఇంట పుట్టి, పన్నెండో ఏట దబ్బనం పట్టాను. అక్షరాలు నేర్చుకున్నదంతా గ్రంథంలోంచే. అందులోంచే నేర్పుతాను. అంతకన్నా స్వచ్ఛమైన భాష ఎక్కడుంది?

జనవరి 10, బుధవారం

మొదటి పాఠం. పని ముగించుకుని వెళ్ళేవాళ్ళతో 'శ్రమపడ్డారు' అనడానికి మనకు రెండు మాటలున్నాయి. ఒకటి పైవాళ్ళు కిందివాళ్ళతో అనేది. థావో ఆ మాటే తీసుకెళ్ళి ఒకుమురా గారితో అన్నదట, రెండేళ్ళుగా, ప్రతి సాయంత్రం, నడుం వంచి మరీ. అంటే నౌకరుకు దొరసాని 'భేష్, ఇక పో' అన్నట్టు. నవ్వాపుకోలేకపోయాను.

"ఆవిడ ఒక్కసారైనా తప్పని చెప్పలేదా?"

"లేదండీ. 'థావో గారి జపాన్ భాష చాలా బాగుంది' అనేది."

"అలా అన్నారంటే బాగాలేదన్నమాటే," అంది ఫుసాయె టీ పోస్తూ.

ఇక్కడే నాకు మండుతుంది. ఈ ఊళ్ళో ఎవడూ కాదన్నది కాదని చెప్పడు. 'ఆలోచిస్తాం' అంటే కుదరదని. 'వీలుంటే వస్తా' అంటే రానని. 'అది కాస్త...' అని వాక్యం మధ్యలో వదిలేసి తల పక్కకు వంచితే కథ కంచికని. అవును అవునుగా, కాదు కాదుగా ఉండాలి, అంతకు మించిందంతా దుష్టుడి సొత్తేనని కొండమీద ప్రభువు చెప్పలేదా? ఆ వాక్యం దానిచేత ఇరవైసార్లు రాయించాను.

ఆశ్రమంలో మెత్తదనం కావాలన్నారు. ముందు సత్యం నేర్పాలి. మెత్తదనం తర్వాత అదే వస్తుంది.

జనవరి 14, ఆదివారం

అదే వాక్యం మీద ప్రసంగం. గొంతు బొంగురుపోయింది. ఏడుగురు.

వీధి సంఘం పెద్ద దెగుచి గారు గుమ్మంలో కనిపించి, వచ్చే ఆదివారం గుడిమెట్ల మీద మంచు తీస్తున్నాం, మీకు పనులుంటాయి గానీ, అని నసిగాడు. "రాను. అది నా దేవుడి గుడి కాదు" అన్నాను. ఆయన దగ్గాడు. చూడు, ఒక్క మాటతో తేలిపోయింది. ఆయనకూ హాయి, నాకూ హాయి.

జనవరి 17, బుధవారం

థావో ఒక ప్రశ్న తెచ్చింది.

ఆశ్రమంలో మిజొగుచి హిసానో గారని ఎనభై తొమ్మిదేళ్ళావిడ. రోజూ సాయంత్రం నాలుగున్నరకు, కిటికీ బయట వెలుగు తగ్గగానే, చిన్న మూట కట్టుకుని వరండాలోకి వస్తుందట. "ఇక ఇంటికి బయల్దేరతానమ్మా, పొద్దుపోతోంది" అంటుందట. ఆ ఇల్లు, ఒకప్పుడు నేను చాపలు కుట్టిన ఇల్లే, పోయిన వేసవిలో పడగొట్టారు. ఇప్పుడక్కడ కార్లు నిలుపుతారు. ఆవిడకు చెప్పలేదు. సరస్సు చేపల్ని సోయా పాకంలో ఉడికించి అమ్మే కొట్టుందే, ఆ మిజొగుచి గారే కొడుకు.

"మీరంతా ఏమంటారు?"

"'అలాగే బామ్మా, ముందు టీ గీ తాగుదాం' అనాలని మాకు నేర్పారు. టీ తాగేసరికి మర్చిపోతుంది. మళ్ళీ రేపు."

"రోజూనా?"

"రోజూ. నేనూ అంటాను. కానీ గురువుగారూ, మీరు ఇరవైసార్లు రాయించారు కదా. మొన్న అంటుంటే నాలుక తడబడింది. ఆవిడ నా మొహంలోకి చూసింది."

ఒక మనిషిని రోజూ సాయంత్రం మోసగించడం, పైగా దానికొక పద్ధతి! ముసలిదైతే మాత్రం సత్యం వినే హక్కు లేదా? మృదువుగా చెప్పు, చెయ్యి పట్టుకుని చెప్పు, కానీ ఉన్నది చెప్పు అన్నాను. మాటలు నేనే కూర్చి ఇచ్చాను. 'బామ్మా, ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఇదే మీ ఇల్లు. మేమంతా ఉన్నాం.' అన్నీ చక్కని, మర్యాదైన మాటలు. ఉచ్చారణ సరిదిద్దాను.

ఫుసాయె తలుపు దగ్గర నిలబడి విన్నది. "అది కాస్త..." అంది.

"ఏమిటి కాస్త? పూర్తిచెయ్."

పూర్తిచేయలేదు. పొయ్యి మీద ఏదో ఉందని వెళ్ళింది.

జనవరి 19, శుక్రవారం

మంచి విత్తనం పడింది.

జనవరి 24, బుధవారం

సోమవారం చెప్పిందట. చెయ్యి పట్టుకుని, నేను కూర్చిన మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా.

"ఆవిడ ఏమంది?"

"'అలాగా' అంది. చాలాసేపయ్యాక 'శ్రమ ఇచ్చాను' అంది. మూట విప్పి బట్టలు అలమారలో పెట్టేసుకుంది. నిన్న వరండాలోకి రాలేదు."

చూశావా! ఇన్ని నెలల ఆరాటం ఒక్క సత్యంతో శాంతించింది. థావోను మెచ్చుకున్నాను. అది ఎందుకో నవ్వలేదు. ఈ వారం నైట్ డ్యూటీలు, అలసట.

జనవరి 28, ఆదివారం

థావో రాలేదు. ఆరుగురు.

జనవరి 30, మంగళవారం

ఫుసాయె చేపలు కొనడానికి మిజొగుచి కొట్టుకు వెళ్ళింది. పెద్దావిడ వారంగా అన్నం ముట్టడం లేదట. ఒక చెంచా, రెండు చెంచాలు, అంతే. గోడవైపు తిరిగి పడుకుంటోందట.

చలి. ఈ ఏడు అందరికీ ఆకలి మందగించింది. నాకూ తగ్గింది.

ఫిబ్రవరి 1, గురువారం

దెయొనొ గారింటి పడక గదికి ఆరు చాపలు; గదుల కొలత మాకు చాపల్లోనే. అంచు గుడ్డ ముదురు ఆకుపచ్చ. రెండో చాప మూల వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టాను.

రాయడానికి ఇంకేమీ లేదు.

ఫిబ్రవరి 2, శుక్రవారం

ఉంది. నిన్న థావో వచ్చింది. నేను పనిలో ఉన్నానని ఫుసాయెతో మాట్లాడి వెళ్ళిపోయింది. ఈ రోజు అన్నం దగ్గర ఫుసాయె చెప్పింది.

కొడుకు ఆశ్రమానికి వెళ్ళి గొడవ పెట్టాడు. ఎవరు చెప్పారని ఒకుమురా గారు అడిగితే, నేనే అన్నది థావో. ఎవరు నేర్పారంటే, ఎవరూ కాదు, నాకే అనిపించింది అన్నది. ఇక ఆ బామ్మ దగ్గరికి వెళ్ళొద్దన్నారు. 'మార్చి తర్వాత సంగతి మీరు కూడా ఒకసారి ఆలోచించుకోండి' అన్నారట.

"ఆలోచించుకోవడమంటే?" అన్నాను.

"మీకు తెలీదా?" అంది ఫుసాయె.

తెలుసు.

ఆ పిల్ల నా పేరు చెప్పలేదు. నా పాఠమంతట్లో అది తప్పిన వాక్యం ఆ ఒక్కటే. నన్ను కాపాడడానికి తప్పింది.

ఫిబ్రవరి 3, శనివారం

క్షమాపణకు వెళ్ళాను. బరువైన మిఠాయి పట్టుకెళ్ళాలి, తేలికది కాదు, అని ఫుసాయె యోకాన్ దిమ్మలు రెండు వరసలు పెట్టించింది. ఎర్రచిక్కుడు గింజల పాకంతో చేస్తారు, చేతిలో ఇటుకలా ఉంటుంది.

కొట్టు వెనకాల ఇల్లు. మిజొగుచి గారు గుమ్మంలోకి వచ్చాడు. నావంటి వయసే, పాకం వాసన వేసే చేతులు. ముందు పెట్టె రెండు చేతులా అందించాను. తర్వాత ఆ మాటలు నేర్పింది నేనేనని చెప్పాను. ఎందుకు నేర్పానో కూడా చెప్పాలి కదా. వాక్యం చెప్పాను. అసత్యం దయలా కనిపించినా మనిషిని ఎలా చిన్నబుచ్చుతుందో చెప్పాను. అయితే చెప్పిన సమయం సరైనది కాకపోయి ఉండవచ్చునని ఒప్పుకున్నాను. ఆ పిల్ల తప్పేమీ లేదన్నాను.

"అయ్యో, ఇంత చలిలో శ్రమపడి వచ్చారు," అన్నాడు. "మీరు అంత పట్టించుకోవాల్సిన పని లేదండీ."

పెట్టె తీసుకోలేదు. చేతులు ఏప్రన్ వెనక్కి పెట్టుకున్నాడు. "ఇలాంటివి పుచ్చుకుంటే నాకు ఇబ్బంది" అన్నాడు. లోపలికి రమ్మనలేదు. 

నేను చేయాల్సింది చేశాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

ఐదుగురు. నిన్న ఊరంతా ఇళ్ళల్లో వేయించిన సోయా గింజలు విసిరి దయ్యాలను తరిమారు. వీధిలో ఆ గింజలు కాళ్ళకింద పటపటమన్నాయి. ఆ మూఢత్వం మీద ప్రసంగించాలనుకున్నాను. సగంలో ఆపేశాను, గొంతు బాలేదు.

పెట్టె బల్ల మీదే ఉంది.

ఫిబ్రవరి 6, మంగళవారం

మళ్ళీ వెళ్ళాను. ఈసారి కొట్టులో జనం ఉన్నారు.

"ఆ సంగతా, మర్చిపోయానండీ," అన్నాడు నవ్వుతూ. "ఫరవాలేదు, ఫరవాలేదు."

ఫరవాలేదంటున్నాడు కదా అని మొన్న సరిగా చెప్పలేకపోయినది ఇంకొంచెం వివరించాను. పక్కనున్నావిడ పొట్లం కట్టడం పూర్తవకముందే తన చేపలు పట్టుకుని వెళ్ళిపోయింది. పెట్టె నాతోనే తిరిగొచ్చింది.

ఇంటికొచ్చి ఫుసాయెతో చెప్పాను, మర్చిపోయాడట అని.

"రెండుసార్లు ఫరవాలేదన్నాడా?"

"రెండుసార్లు."

"ఒక్కసారైతే ఫరవాలేదు. రెండుసార్లన్నాడంటే మర్చిపోలేదు."

"నువ్వు చాలా తెలిసినదానిలా మాట్లాడతావు!"

"పెట్టె ముందిచ్చారా, తర్వాతిచ్చారా?"

"ముందే. ఏం?"

"పెట్టె ముందిస్తే నోరు మూయించడానికి తెచ్చినట్టు. తలవంచి, వాళ్ళు తలెత్తమన్నాక, వెళ్ళబోయే ముందు ఇవ్వాలి. ఎందుకు చేశామన్నది ఎత్తకూడదు. వాళ్ళు అడిగితే తప్ప."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

అల్లిక పక్కన పెట్టింది. "ఎన్ని పెట్టెలు మోశానో మీకేం తెలుసు? కలప అడితి వాళ్ళకి. పళ్ళ డాక్టరు గారికి. వాళ్ళ నాన్న అంత్యక్రియల్లో మీరు లేచి ప్రసంగించిన ఆ ఇంటికి రెండుసార్లు. దెగుచి గారికి పోయిన నెల పదిహేనో తారీఖున."

"నా వెనకాలా?"

"మీ వెనకాలే. ముందు మీరు గ్రంథంతో, వెనక నేను పెట్టెతో. ముప్పై రెండేళ్ళు."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు అడిగిందెప్పుడు?"

ఫిబ్రవరి 7, బుధవారం

పాఠం లేదు. థావో రాలేదు.

ఫుసాయెతో మాట్లాడలేదు. కోపం దాని మీద అనుకున్నాను. చాపలు కుడుతుంటే ఆ ముప్పై రెండేళ్ళూ ఒక్కొక్క ఇల్లే గుర్తొచ్చింది. నా మాటకు లొంగి మెత్తబడ్డారనుకున్న ఇళ్ళన్నీ. చాపలు వేయించుకోవడానికి మళ్ళీ పిలిచిన ఇళ్ళన్నీ.

నాలుక చిన్న నిప్పురవ్వ, అడవిని కాలుస్తుందని ఎన్నిసార్లు బోధించాను! ప్రతిసారీ ఎదుటివాళ్ళ నాలుక గురించే.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఐదుగురు. ప్రసంగం లేదన్నాను. అన్నీ పోగొట్టుకున్న యోబు కథ చదివాను. ముగ్గురు స్నేహితులు వచ్చి, అతని అవస్థ చూసి, ఏడు రోజులు నేలమీద పక్కన కూర్చున్నారు, ఒక్క మాటా లేకుండా. ఎనిమిదో రోజున నోళ్ళు విప్పారు. అక్కడినుంచి పుస్తకమంతా వాళ్ళ తప్పే. చెప్పిందంతా ధర్మమే, అయినా దేవుడికి కోపమొచ్చింది.

నలభై ఏళ్ళుగా ఆ ఏడు రోజుల్ని ఒక్క వాక్యంలో దాటేసి ఎనిమిదో రోజుకు పోతున్నాను.

పుస్తకం మూసి కూర్చున్నాను. వాళ్ళూ కూర్చున్నారు. పళ్ళకొట్టు పెద్దాయన వెళ్తూ "ఈ రోజు చాలా బాగుంది" అన్నాడు. ఈ మాటకు ఏ అర్థమో ఫుసాయెను అడగలేదు.

ఫిబ్రవరి 13, మంగళవారం

పొద్దున్న కొట్టు తెరవకముందు వెళ్ళాను. కొత్త పెట్టె, గుమ్మం బయటే గోడకు ఆనించి పెట్టాను. మిజొగుచి గారు తలుపు తీయగానే రాతి నేలమీద మోకాళ్ళూనాను.

క్షమాపణకు మనకు ఎన్నో మాటలున్నాయి. కాలు తొక్కినప్పుడనేది ఒకటి, పులుసు ఒలికినప్పుడనేది ఒకటి. నేనన్నది అన్నిటికన్నా కిందిది: చెప్పుకోవడానికి నా దగ్గర ఏ సాకూ లేదు. అదొక్కటే అని తల దించి ఉండిపోయాను. నోట్లో ఇంకా వందమాటలు ఉన్నాయి. పళ్ళు బిగించాను.

 లోపల పొయ్యిమీద పాకం ఉడుకుతున్న చప్పుడు.

"రెండుసార్లు వచ్చారు," అన్నాడు చివరికి. "రెండుసార్లూ నిజం గురించీ అబద్ధం గురించే చెప్పారు. మా అమ్మ ఎలా ఉందని ఒక్కసారి అడగలేదు."

అడగలేదు.

"ఎలా ఉన్నారు?" అన్నాను.

"నీళ్ళు తాగుతోంది. గంజి రెండు చెంచాలు." గుమ్మం గట్టు మీద కూలబడ్డాడు. "తలెత్తండి. కిషిగామి గారూ, ఇల్లు పడగొట్టించింది నేను. పైకప్పు ఓ పక్కకి ఒరిగింది, ఇంకేం చేయను? అమ్మకు చెప్పాలి, చెప్పాలి అనుకుంటూ ఎనిమిది నెలలు. వారం వారం వెళ్ళి, చేపలిచ్చి, వాతావరణం మాట్లాడి వచ్చేవాణ్ణి. నేను చెప్పాల్సింది, ఊరుగాని ఊరి పిల్ల, చెయ్యి పట్టుకుని చెప్పింది. అందుకే ఒళ్ళు మండింది. ఆ పిల్ల చెడ్డదని కాదు."

నా దగ్గర ఈ మాటకు తగిన వాక్యం ఒకటుంది. అనలేదు.

వెళ్ళబోతూ పెట్టె అందించాను. తీసుకున్నాడు. చేత్తో తూచి, "బరువుందే" అన్నాడు.

"మా ఆవిడ ఎంచింది."

"తెలుసు. మా నాన్న పోయినప్పుడూ ఇంతే బరువుది తెచ్చింది."

ఆ అంత్యక్రియలు వీళ్ళవే. నా ప్రసంగం గుర్తుంది, ఎవరి ఇంట్లోనో గుర్తు లేదు.

"ఒకుమురా గారితో ఓ మాట అంటానులెండి," అన్నాడు.

ఏ మాట? అవుననా, కాదనా? అడగాలని నాలుక దురద పెట్టింది. మొక్కి వచ్చేశాను.

ఫిబ్రవరి 14, బుధవారం

థావో వచ్చింది. నేల మీద కూర్చుని తల వంచాను. కంగారుపడి అదీ నాకెదురుగా తల వంచింది. ఇద్దరం లేవం. ఫుసాయె వచ్చి "నుదుళ్ళు నా చాపకు అంటుకుపోతాయి, లేవండి" అన్నాక లేచాం.

"ఆశ్రమానికి వెళ్ళి నేనే నేర్పానని చెప్తాను," అన్నాను.

"వద్దండీ. నేర్పింది మీరు, చెప్పింది నేను. ఆవిడ మొహం నేను చూశాను గురువుగారూ, మీరు చూడలేదు. ముందురోజే అనిపించింది నాకు, అనకూడదని. అయినా అన్నాను."

"ఎందుకన్నావు మరి?"

"మీరు గురువు కదా."

ఇంతకంటే గట్టిగా నన్నెవరూ కొట్టలేదు.

ఫిబ్రవరి 21, బుధవారం

మిజొగుచి గారు కబురు చేశాడు. సాయంత్రం నాలుగింటికి ఆశ్రమానికి రమ్మని. వెళ్ళేసరికి వరండాలో ఆయనా, ఒకుమురా గారూ ఉన్నారు. సెలవైనా థావో కూడా ఉంది, గోడకు అతుక్కుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"నాల్రోజులుగా మళ్ళీ మూట కడుతోంది," అన్నాడాయన మెల్లగా. "చెప్పింది మర్చిపోయినట్టుంది. తిండి మాత్రం మర్చిపోయింది మర్చిపోయినట్టే ఉంది."

నాలుగున్నరకు గది తలుపు జరిగింది. హిసానో గారు. ఎంత చిన్నగా అయిపోయింది! చంకలో మూట.

"ఇక బయల్దేరతానమ్మా. పొద్దుపోతోంది."

ఒకుమురా గారు అలవాటు ప్రకారం "అలాగే బామ్మా, ముందు టీ గీ తాగుదాం" అంది. ముసలావిడ చేత్తో టీ గిన్నెను పక్కకు నెట్టింది. మాట మర్చిపోయినా, ఆ టీ వెనక ఏదో ఉందని ఆ చేతికి గుర్తుంది. నావల్ల.

 వెళ్దామంటే అబద్ధం. ఇల్లు లేదంటే మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. నలభై ఏళ్ళ గ్రంథంలో నాకు మూడో మాట దొరకలేదు.

ముసలావిడ నేరుగా థావో దగ్గరికి నడిచింది. థావో ఒకుమురా గారి వైపు చూసింది. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. థావో వరండా నేలమీద చతికిలపడింది.

"బామ్మా, మీ ఇంటికి ఎలా వెళ్ళాలి? నాకు దారి తెలీదు."

"దారి తెలీదా?" హిసానో గారు ఆగింది. "కొత్తదానివా?"

"కొత్తదాన్నే బామ్మా."

"అయ్యో, పాపం." పక్కనే కుర్చీలో కూర్చుంది. మూట ఒళ్ళో. "రేవు దగ్గర మొదలెట్టాలి. పడవలవాళ్ళు కూస్తుంటారు, పట్టించుకోకు. అక్కణ్ణించి పైకి. బియ్యం కొట్టు దగ్గర కుడివైపు. కుక్క ఉంటుంది, మొరుగుతుంది గానీ కరవదు. ఏమయ్యా," అని నా వైపు తిరిగింది, "బియ్యం కొట్టు దగ్గర కుడివైపేగా?"

ఆ కొట్టు మూతపడి ముప్పై ఏళ్ళు. కుడివైపు కాదు, ఎడమవైపు. నోట్లో 'కాదు' తయారుగా ఉంది, పళ్ళదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు చూశాను. నన్ను వివరం అడగడం లేదు. తోడు రమ్మంటోంది.

"ఊఁ," అన్నాను.

"చూశావా," అంది థావోతో. "తర్వాత కాలవ. కాలవలో చిన్న చేపలు. మావాడు అందులో పడ్డాడోసారి, నాలుగేళ్ళప్పుడు."

"ఊఁ," అన్నాడు మిజొగుచి గారు. 

ముప్పావుగంట నడిచింది. వంతెన, స్నానాల ఇల్లు, జారుడు మెట్లు. ప్రతిచోటా ఆగి మా మొహాలు చూసేది, మేం ఊఁ కొట్టేవాళ్ళం, మళ్ళీ కదిలేది. నా జీవితంలో ఒక మనిషి చెప్పేది మధ్యలో సరిదిద్దకుండా అంతసేపు విన్నది అదే. చెమట పట్టింది.

చివరికి, "ఇదిగో, తలుపు తీసే ఉంది," అంది. మూట దింపింది. "అమ్మయ్య, వచ్చేశాం. ఏమైనా తింటారా? నాకూ ఆకలేస్తోంది."

గంజి ముప్పాతిక గిన్నె తిన్నది. కొడుకు తెచ్చిన చేప రెండు ముక్కలు. ఉప్పెక్కువైందని కూడా అంది.

ఒకుమురా గారు గోడవైపు తిరిగి అద్దాలు తుడుచుకుంది. తర్వాత థావోతో, "రేపు సాయంత్రం కూడా మీరే ఉండగలరా?" అంది. అంతే అంది.

ఫిబ్రవరి 25, ఆదివారం

ఎనిమిదిమంది. ప్రసంగం పది నిమిషాలు. తర్వాత, ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగాను. ఎవరూ చెప్పరనుకున్నాను. పళ్ళకొట్టు పెద్దాయన తన చచ్చిపోయిన తమ్ముడి గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన నిద్రపోవడమే చూశాను.

మార్చి 7, బుధవారం

ఒకుమురా గారు ఇంకా ఏమీ చెప్పలేదు. నెలాఖరుకు మూడు వారాలు. థావో బట్టల పెట్టె మంచం కిందినుంచి బయటికి లాగి దుమ్ము దులిపిందట, సర్దలేదట.

నేను వెళ్ళి సూటిగా అడగనా, అవునో కాదో తేల్చమని, అన్నాను. ఫుసాయె ఈసారి వాక్యం పూర్తిచేసింది: "ఆ పిల్ల అడగమంటే అడగండి."

అడిగాను. థావో అడగమంది. "మీరు కాదు, నేనడుగుతాను" అంది తర్వాత.

మార్చి 14, బుధవారం

పాఠానికి పరుగెత్తుకుంటూ వచ్చింది, బూట్లు గుమ్మంలో తలోవైపు.

"అడిగానండీ! నిలబెట్టి అడిగాను. 'ఏప్రిల్లో నేనుంటానా, ఉండనా? చెప్పండి, ఏదైనా వింటాను' అన్నాను. ఈసారి మంచి మాటలతోనే, మెత్తగానే."

"అయితే ఏమంది? అవునందా?"

"అవుననలేదు. 'అడిగితే అడిగారు గానీ' అంది. గోడమీద ఏప్రిల్ డ్యూటీ పట్టిక ఉంటుంది కదా, పెన్సిల్‌తో రాసినది. దాని ముందు నిలబడి నా పేరు వెతికి, దాని మీద సిరా పెన్నుతో దిద్దింది. నా వరసలో ముప్పై గళ్ళూ, సెలవులతో సహా. నేను నిలబడే ఉన్నాను. గురువుగారూ, దీనర్థం..."

"నువ్వే చెప్పు."

చేతుల్లో మొహం దాచుకుంది. ఫుసాయె దానికి బూట్లు జతచేసి పెట్టింది.

మార్చి 21, బుధవారం

వసంత విషువం, సెలవు. అయినా ఆశ్రమానికి వెళ్ళాను. బుధవారాలు థావోకు సెలవు కాబట్టి ఆ సాయంత్రాలు నావి. నేను బోధకుణ్ణని హిసానో గారికి తెలీదు. 'ఊఁ కొట్టేవాడొచ్చాడా' అని అడుగుతుందట.

దారి ఇప్పుడు త్వరగా అయిపోతోంది. ఇంటి లోపలికి వెళ్తున్నాం. ఆ ఇంటి చాపలన్నీ నేను కుట్టినవే, దబ్బనం పోటు పోటూ నాకు తెలుసు. నాలుగు గదులు, ఇరవై ఆరున్నర చాపలు. పోయిన వారం ఐదు గదులు చూపించింది. ఈ రోజు ఏడు. ఏడోది సరస్సు వైపుందట, ఎనిమిది చాపలది, ఎవరొచ్చినా పడుకోవచ్చట.

"పెద్దిల్లు కదయ్యా?" అంది.

'నా తండ్రి ఇంట గదులు అనేకం' అని ప్రభువు చెప్పాడు. ఎన్ని గదులో చెప్పలేదు.

ఊఁ, అన్నాను.